కుడిచేతికి గేట్ పాస్

నాయుడుపేట పారిశ్రామిక వాడలో కార్లకు వైర్ల జడలు అల్లే ఒక ఫ్యాక్టరీలో, షిఫ్టు దిగే ప్రతి ఆపరేటరూ తన కుడిచేతిని మణికట్టు దగ్గర విప్పి, గోడమీది రేకు బోర్డులో తన నంబరు కింద పసుపు రంగుతో గీసిన చేతి ఆకారంలో తగిలించి ఇంటికి వెళ్లాలన్న పద్ధతి వచ్చి ఏడు నెలలైంది. మొదటి వారం కొందరికి కొత్తగా అనిపించింది. రెండో వారానికి బస్సులో సీటు కోసం తోసుకునేటప్పుడు అందరికీ ఒక్కో చెయ్యే ఉందని, ఎవరికీ నష్టం లేదని తేలింది. ఆ తర్వాత ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. ఫ్యాక్టరీలో వృథాను వెతికి తీసేసే పనిని లీన్ అంటారు. ఆ పనికో విభాగం ఉంది, ఆ విభాగానికి మృదుల అనే ఇంజనీరు ఉంది. ఆమె ఒక కుడిచేతి వెంట నెలరోజులు తిరిగి నివేదిక రాసింది. చెయ్యి రోజుకు ఇరవై రెండు కిలోమీటర్లు బస్సులో ప్రయాణిస్తుంది, ఆ దారిలో ఒక్క క్లిప్పు కూడా పెట్టదు. ఇంటికెళ్లాక ఉల్లిపాయలు కోస్తుంది, అంట్లు తోముతుంది, పొయ్యి మీది గిన్నె మసిగుడ్డ లేకుండా దించుతుంది. తెల్లారి ఆరుగంటల షిఫ్టుకు కాలి, తెగి, నాని వస్తుంది. మొదటి అరగంటలో వచ్చే తప్పులన్నీ ఈ నానిన వేళ్లవే. అదే చెయ్యి ఫ్యాక్టరీలో ఉండిపోతే ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనంలో హాయిగా విశ్రాంతి తీసుకుంటుంది. మనుషులకు ఎలాగూ విశ్రాంతి ఇవ్వలేకపోతున్నాం, కనీసం చేతులకైనా ఇద్దామని నివేదిక చివర ఆమె రాసిన వాక్యాన్ని పెద్దలు మెచ్చుకుని, అందులోని దయ కనపడేలా ఫ్రేము కట్టించి క్యాంటీన్‌లో పెట్టారు. ఎడమచేతి మీద అధ్యయనం ఇంకా పూర్తి కాలేదు కాబట్టి అది ఇంటికి వెళ్తోంది.

చెయ్యి తీసిన చోట నీలంరంగు ప్లాస్టిక్ మూత బిగిస్తారు. మూత మీద ఆపరేటర్ నంబరు ఉంటుంది. గాజులు జారిపోతాయి కాబట్టి గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు వాటిని పేరు రాసిన కవరులో పెట్టి ఇస్తారు. ఊరు కూడా సర్దుకుంది. కిరాణా కొట్టు శెట్టి గారు ఎడమచేత్తో ఇచ్చిన నోటు తీసుకోవడానికి రెండు రోజులు ముఖం చిట్లించి, మూడో రోజు నుంచి మానేశారు. వీధి చివర అమ్మవారి గుడి పూజారి మాత్రం నీలం మూత చూపించిన వాళ్లకే ఎడమచేతిలో తీర్థం పోస్తానన్నాడు. మూత లేని వాళ్లు పాత పద్ధతిలోనే రావాలి.

నాలుగో లైనులో నూటపదిహేడో నంబరు చెయ్యి చెంగమ్మది. ఆమెకు ఇరవై మూడేళ్లు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. అందుకే ఏ కాగితం చేతికొచ్చినా తప్పు జరిగిపోతుందేమోనన్న భయంతో అడుగున ఉన్న చిన్న అక్షరాలు, ఖాళీ గళ్లు కూడా వదలకుండా చదువుతుంది. ఫ్యాక్టరీలో చేతుల గురించిన ఒప్పంద పత్రాన్ని పూర్తిగా చదివి సంతకం పెట్టింది ఆమె ఒక్కతే. చదివాక కూడా పెట్టింది.

ఆమె చెయ్యి లైనులో అన్నిటికన్నా నేర్పరి. వైరు ఏరడం, మలచడం, క్లిప్పులో టక్కుమని దింపడం, ఈ మూడింటికీ కలిపి దానికి సెకను చాలదు అనిపిస్తుంది కానీ సరిగ్గా సరిపోతుంది. అందుకని బోర్డు మీద ఆ చేతికి ఒక సన్నటి కేబులు కలిపి, రెండో చివరను పక్కనే కొత్తగా పెట్టిన మరచేతికి తగిలించారు. మనిషీ యంత్రమూ కలిసి ఎదగాలన్నది ఆ ఏడాది నినాదం. ఖాళీ వేళల్లో చెంగమ్మ చెయ్యి విశ్రాంతి తీసుకుంటూనే తన నేర్పంతా మరచేతికి దించుతుంది. ఆడవాళ్లు ఆ మరచేతిని తమ్ముడు అని పిలిచేవాళ్లు. చెప్పింది విని, తిరిగి మాట్లాడకుండా పనిచేసే తమ్ముడు ఇళ్లల్లో ఎవరికీ లేడు.

చెంగమ్మకు ఈ ఏర్పాటులో ఏ అభ్యంతరమూ లేదు, ఒక్కటి తప్ప. ఆమె కూతురు జస్విక మధ్యాహ్నం నిద్రపోవడం మానేసింది.

జస్వికకు పదిహేడు నెలలు. పది నెలల దాకా అది రోజూ మూడు గంటలకు తల్లి కుడిచేతి కింద నిద్రపోయేది. మెల్లగా మూడు దెబ్బలు, కొంచెం గట్టిగా ఒకటి, తర్వాత వీపు మీద గుండ్రంగా ఒక రాపిడి. ఎవరూ నేర్పింది కాదు, చేతికి తెలుసు. ఎడమచేత్తో అదే చేయబోతే మూడు దెబ్బలు రెండవుతాయి, గట్టిది మెత్తనవుతుంది, రాపిడి గీకినట్టుంటుంది. పాప కళ్లు తెరిచి ఆ చేతి వంక, ఇది ఎవరిది అన్నట్టు చూసి, ఏడుపు లంకించుకుంటుంది. నిద్ర లేక సాయంత్రం తిన్నది కక్కుతుంది. అంగన్‌వాడీ కార్డులో పాప బరువు గీత ఆకుపచ్చ పట్టీలోంచి పసుపుపచ్చలోకి దిగింది. ఏడు కిలోల ఏడు వందలు. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే ఎర్రపట్టీలోకి పోతుందని, అప్పుడు పిల్లను తిరుపతి ఆసుపత్రికి రాయాల్సి వస్తుందని అంగన్‌వాడీ టీచరు చెప్పింది. చెంగమ్మ ఆ కార్డును బియ్యం డబ్బా వెనక దాచింది. రోజూ తీసి చూసి మళ్లీ దాస్తుంది.

ఆమె అత్త పెంచలమ్మ పగలంతా పాపను చూసుకునేది. ఆమెకు రెండు చేతులూ ఉన్నాయి కానీ రెండూ కీళ్లవాతంతో బిగుసుకుపోయాయి.

"నేను ముగ్గురు బిడ్డల్ని సాకినా," అందామె ఒకనాడు, ఏడుస్తున్న పాపను చంకనేసుకుని. "ఒక్కరోజన్నా చెయ్యి మర్చిపోయి ఇంటికి రాలేదు."

"మర్చిపోయి రాలేదత్తా. ఆడ పెట్టి రమ్మన్నారు."

"అట్టయితే ఇంగ తలకాయ ఎప్పుడు పెట్టి రమ్మంటారంట?"

"దానికి రోంత టైము పట్టాదంట. ఇంగా ఎడమచెయ్యే తేలలేదు," అంది చెంగమ్మ. అత్త వెటకారం చేసిందని ఆమెకు తట్టలేదు. నోటీసు బోర్డులో నిజంగానే అలా రాసి ఉంది.

విషయం మొదట కనిపెట్టింది కస్తూరి. చెంగమ్మ లేచిన సీట్లో రెండు గంటలకు కూర్చునే మనిషి. ఒకరోజు షిఫ్టు మారేటప్పుడు, తన చేతిని బోర్డు మీంచి తీసి టక్కుమని బిగించుకుంటూ చెప్పింది.

"మే చెంగమ్మా, నీ చెయ్యి తిన్నగా ఉండడంలా."

"ఏం చేసిందక్కా?"

"మూడు కాంగానే బోర్డు మీద తట్టుకుంటా ఉండాది. మూడు తట్టేది, ఒకటి కొట్టేది, రాసేది. ఇరవై నిమిషాలు. మేం పని ఇడిచి దాన్నే చూస్తా ఉండాం."

చెంగమ్మ తన చెయ్యి గీత లోపల బుద్ధిగా ఉండడం చూసింది. వేళ్ల చివర్లు కొంచెం ఎర్రబడి ఉన్నాయి. బస్సెక్కాక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటి దగ్గర మూడు గంటలకు పాప ఏడుస్తోంది, ఇక్కడ మూడు గంటలకు చెయ్యి రేకును జోకొడుతోంది. రెంటి మధ్యా పదకొండు కిలోమీటర్లు ఉన్నాయి.

తర్వాతి మంగళవారం తమ్ముడు నేర్చుకున్నాడు.

మూడు గంటలకు మరచెయ్యి క్లిప్పులు పెట్టడం ఆపి, కదులుతున్న బెల్టు మీద మెల్లగా మూడుసార్లు తట్టి, కొంచెం గట్టిగా ఒకటి తట్టి, గుండ్రంగా రాసింది. బెల్టు పొడవునా కూర్చున్న ముప్పై ఆరుమంది ఆడవాళ్ల మోచేతుల్లోకి ఆ తట్టు పాకింది. వాళ్లు తెల్లారుజామున లేచి వండి, పిల్లల్ని బడికి పంపి, రెండింటికి పనిలోకి వచ్చినవాళ్లు. నాలుగు నిమిషాల్లో అందరూ వైర్ల జడల మీద తలలు వాల్చి నిద్రపోయారు. సమస్య వస్తే ఎర్రలైటు తాడు లాగాలన్నది నియమం. తాడు లాగవలసినవాళ్లే సమస్య కావడంతో లైటు వెలగలేదు. మూడుంబావుకి లారీ డ్రైవరు సరుకు రాలేదని లోపలికి వచ్చి, చూసి, చప్పుడు చేయకుండా బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

బుధవారమూ అంతే. గురువారం పొద్దున చెంగమ్మను మీటింగు గదికి పిలిచారు.

గదిలో మృదుల, ప్లాంట్ మేనేజరు వరదరాజులు ఉన్నారు. వరదరాజులుకు యాభై దాటాయి. కళ్ల కింద సంచులు, జేబులో రెండు ఫోన్లు. ఫ్యాక్టరీలో ఏ తప్పు జరిగినా వరుసగా ఐదుసార్లు ఎందుకు అని అడిగి మూలం పట్టుకోవడం పద్ధతి. దానికి ఐదు వరుసల అచ్చు ఫారం ఉంది. మృదుల దాన్ని తెల్లబోర్డు మీద పెద్దగా గీసింది.

"కూర్చోండి చెంగమ్మా. భయపడకండి, ఇది మనిషిని తప్పుపట్టే పద్ధతి కాదు, ప్రాసెస్‌ని అర్థం చేసుకునే పద్ధతి. లైను ఎందుకు ఆగింది?"

"అందరూ నిద్రపోయినారంట మేడం."

"ఎందుకు నిద్రపోయారు?"

"తమ్ముడు జోకొట్టినాడంట."

వరదరాజులు తలెత్తి చూశాడు. మృదుల ఆయనకు, మరచెయ్యి నంబరు నాలుగు సార్, అని చెప్పి, బోర్డు మీద రాసింది.

"మరచెయ్యి ఎందుకు జోకొట్టింది?"

"నా చెయ్యి దగ్గర నేర్చుకున్నాడు."

"మీ చెయ్యి ఎందుకు జోకొడుతోంది?"

"మూడైంది కదా మేడం. బిడ్డ మేలుకొని ఉండాది."

"బిడ్డ ఎందుకు మేలుకుని ఉంది?"

చెంగమ్మ తెల్లబోర్డు వంక చూసింది. ఆమెకు తెలియక కాదు. దానిమీద జవాబుల కోసం ఉన్న గడి చాలా చిన్నది.

"చెయ్యి ఈడుంది," అంది.

మృదుల ఐదో గడి నింపి, కింద మూలకారణం అన్నచోట 'పాప' అని రాసింది. నివారణ అన్నచోట ఏం రాయాలో ఆమె ముందే అనుకుని వచ్చింది. చేతిని యంత్రం కిందపెట్టి, అందులోంచి అనవసరమైన కదలికను తుడిచెయ్యాలి. నలభై నిమిషాల పని. శనివారానికి ఏర్పాటు చేయవచ్చు.

"ఏం తుడుస్తారు మేడం?" అంది చెంగమ్మ.

"ఆ జోకొట్టే కదలిక ఒక్కటే. మిగతా నేర్పు అలాగే ఉంటుంది. నొప్పి ఉండదండి."

"తుడిచినాక మళ్లీ వస్తాదా?"

"రాదు. వస్తే తుడిచినట్టు కాదు కదా."

ఎదురు చెప్పడం చెంగమ్మకు చేతకాదు. చెప్పినా ఏమని చెప్పాలో తెలియదు. భయం వేసినప్పుడు ఏం చేస్తుందో అదే చేసింది. ఎదురుగా బల్లమీద ఉన్న అచ్చు ఫారాన్ని మొదటినుంచి చివరి గీత దాకా చదివింది. ప్రతి ఎందుకుకి పక్కన ఒక సన్నని గడి ఉంది. దాని పైన చిన్న అక్షరాల్లో 'జరిగిన చోటికి వెళ్లి కళ్లారా చూసినవారి సంతకం' అని ఉంది. మొదటి నాలుగింటికీ మృదుల సంతకం ఉంది. ఐదో సంతకం గడి ఖాళీగా ఉంది.

"మేడం, ఐదోదానికి సంతకం లేదు," అంది.

"అది చూడాల్సిన పనిలేదు చెంగమ్మా. మీరు చెప్పారు కదా."

"చెప్తే చాలంటే, గోడమీద అట్ట రాసినారే." గదిలో ఆమె చూపించిన గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక పోస్టరు ఉంది. సమస్యను కుర్చీలో కూర్చుని తేల్చవద్దు, జరిగిన చోటికి నడువు, అని. కింద వరదరాజులు నవ్వుతున్న ఫొటో ఉంది.

వరదరాజులు ఫారం చేతిలోకి తీసుకుని ఖాళీ గడి వంక చూశాడు. సోమవారం కార్ల కంపెనీ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. కిందటేడు వాళ్లు ఇలాంటి ఖాళీ గడి ఒకటి దొరికితే నాలుగు పేజీలు రాసి వెళ్లారు.

"జరిగిన చోటు ఏది?" అన్నాడాయన.

"మా ఇల్లు సార్," అంది చెంగమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు కంపెనీ జీపు చెంగమ్మ ఉండే రేకుల ఇంటి ముందు ఆగింది. వరదరాజులు, మృదుల, ఒక సెక్యూరిటీ గార్డు దిగారు. గార్డు చేతిలో స్పాంజి పరిచిన అట్టపెట్టె ఉంది. పెట్టె మీద అంటించిన గేట్ పాసులో, వస్తువు: చెయ్యి, కుడి. సంఖ్య: ఒకటి. స్థితి: మంచిది. తిరిగి ఇవ్వవలసినది: అవును, అని ఉంది. చెంగమ్మ దాన్ని చివరిదాకా చదివి సంతకం పెట్టింది. ఎడమచేత్తో పెట్టిన సంతకం కొంచెం వంకరగా ఉందని గార్డు ఇంకోసారి పెట్టించాడు.

గుమ్మం దగ్గర పెంచలమ్మ అడ్డంగా నిలబడింది.

"బూట్లు బయట ఇడవండయ్యా."

"సేఫ్టీ షూస్ అమ్మా, తనిఖీ చోటులో తీయకూడదు," అన్నాడు గార్డు.

"ఇదేం చోటు? మేం అన్నం తినే చోటు."

కొంత చర్చ తర్వాత బూట్లకు పాలిథిన్ కవర్లు తొడుక్కునేలా రాజీ కుదిరింది. బదులుగా పెంచలమ్మ తలకు పసుపు హెల్మెటు పెట్టారు. ఆమె దాన్ని ఒకసారి తట్టి చూసుకుని, పైన రేకులు కారితే పనికొస్తుందని, వెళ్లేటప్పుడు అడగొద్దని గార్డుకు చెప్పింది. మృదుల ఉయ్యాల చుట్టూ నేలమీద పసుపు టేపు అంటించింది. వరదరాజులు కూర్చోవడానికి కుర్చీ లేదు. గోడవారగా ఉన్న బియ్యం బస్తా మీద కూర్చున్నాడు.

జస్విక ఏడుస్తూనే ఉంది. కొత్తవాళ్లను చూసి ఒక్క క్షణం ఆపి, వాళ్లు కూడా పనికిరారని తేల్చుకుని మళ్లీ మొదలుపెట్టింది.

మూడు గంటలకు చెంగమ్మ నీలం మూత విప్పి పెట్టెలోంచి చేతిని తీసి మణికట్టుకు ఆనించింది. టక్కుమని పడింది. ఏడు నెలల్లో ఆ చప్పుడు ఇంట్లో వినపడడం ఇదే మొదటిసారి. ఆమె ముందు వేళ్లు ముడిచి తెరిచి, మంచంకోడు పట్టుకుని చూసుకుంది. తర్వాత పాపను ఉయ్యాలలో పక్కకు తిప్పి పడుకోబెట్టింది. మృదుల స్టాప్‌వాచీ నొక్కింది.

మెల్లగా మూడు, గట్టిగా ఒకటి, గుండ్రంగా రాపిడి.

పాప ఏడుపు ఆపింది. తల తిప్పి ఆ చేతి వంక చూసింది. బొటనవేలును పట్టుకుని కాసేపు పరీక్షించింది. గోరు పక్కన చిన్న కాలిన మచ్చ ఒకటి ఉంటుంది, దాన్ని వెతికి నొక్కింది. దొరికింది. వేలు వదలకుండానే కళ్లు మూసుకుంది. చెంగమ్మ ఆపలేదు. ఏడు నెలల బాకీ అంతా చేతిలోనే ఉన్నట్టు అది తనంతట తను తడుతూ పోయింది.

మృదుల వాచీలో మూడు నిమిషాల యాభై సెకన్లు చూసి రాసుకోబోయి, పెన్ను మూత తీసి, అలాగే గోడకు ఆనుకుని కూలబడి నిద్రపోయింది. గుమ్మంలో గార్డు ఖాళీ పెట్టెను ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. వరదరాజులు బియ్యం బస్తా మీద మెల్లగా ఒరిగి, కాళ్లు ముడుచుకుని, రెండు అరచేతులూ చెంప కిందికి పెట్టుకున్నాడు. జేబులో ఒక ఫోను మోగి మోగి ఆగిపోయింది. తర్వాత రెండోది.

పెంచలమ్మ ఒక్కతే మేలుకుని ఉంది. హెల్మెటు సర్దుకుని మేనేజరు వంక చూసింది.

"ఈయన్ని ఎవురూ జోకొట్టి ఎన్నాళ్లయిందో పాపం," అంది. "కొడతా ఉండు మే. ఆపబాక."

ఆయన నాలుగుంబావుకి లేచాడు. కాసేపు తనెక్కడున్నాడో తెలియనట్టు రేకుల వంక చూశాడు. ముఖం కడుక్కోవడానికి నీళ్లడిగాడు. తర్వాత మృదుల ఒళ్లోంచి ఫారం తీసుకుని, ఐదో గడిలో తనే సంతకం పెట్టాడు. మూలకారణం అన్నచోట 'పాప' అన్నమాట కొట్టేసి 'చెయ్యి ఉండవలసిన చోట లేదు' అని రాశాడు. ఏ వస్తువు చోటు దానికి ఉండాలి, ఏ వస్తువు దాని చోట ఉండాలి అన్నది లీన్‌లో మొదటి పాఠం. దాన్ని ఆయన పదకొండేళ్లుగా ఇతరులకు చెబుతున్నాడు.

"చేతిని తుడవడం లేదు," అన్నాడు. "రోజూ పంపిద్దాం."

ఆ మాట లైనుకు చేరేసరికి ఆరు దాటింది. రెండో షిఫ్టులో కస్తూరి క్లిప్పుల ట్రేను బల్లమీద వాయించింది. పక్కావిడ వాయించింది. నాలుగో లైను నుంచి మొదటి లైను దాకా ట్రేలు మోగాయి. ఎవరు దేనికి వాయిస్తున్నారో తెలియని సూపర్‌వైజరు కూడా చప్పట్లు కొట్టాడు.

కొత్త నియమం వారంలో వచ్చింది. మూడేళ్లలోపు పిల్లలున్న మొదటి షిఫ్టు తల్లులు రోజూ రెండుంబావు నుంచి ఐదింటి దాకా కుడిచేతిని ఇంటికి తీసుకువెళ్లవచ్చు. అరవై మూడుమంది దరఖాస్తు పెట్టారు, అరవై మూడూ మంజూరయ్యాయి. ఐదింటికి ఒక మినీబస్సు వీధి వీధికీ వచ్చి హారను కొడుతుంది. తల్లులు బయటికొచ్చి చేతుల పెట్టెలు అందించి, మూతలు బిగించుకుని లోపలికి పోతారు. తెల్లారి ఆరుకు చేతులు బోర్డు మీద సిద్ధంగా ఉంటాయి. వంటకూ అంట్లకూ మాత్రం చెయ్యి వాడకూడదు. వాడలేదని రోజూ సంతకం పెట్టాలి. అరవై రెండుమంది ఆ గీత చదవకుండా పెట్టారు. చెంగమ్మ చదివి పెట్టింది.

తమ్ముడికి కూడా లాలి మాన్పించలేదు. రెండో షిఫ్టు టీ విరామంలో పది నిమిషాలు బెల్టును జోకొట్టమని టైము పెట్టారు. ముప్పై ఆరుమంది పది నిమిషాలు నిద్రపోయి లేస్తారు. టీ ఖర్చు లేదు, తప్పులు సగమయ్యాయి. తనిఖీకి వచ్చిన కార్ల కంపెనీ వాళ్లు ఆ విరామంలో లైను చూడడానికి వెళ్లి, పది నిమిషాల తర్వాత మంచి మార్కులు వేసి వెళ్లారు.

ఆ నెల ఉత్తమ సూచన బహుమతి చెంగమ్మకు వచ్చింది. మీటింగు పొద్దున పదకొండింటికి పెట్టారు కాబట్టి స్టేజీ మీద హాట్‌బాక్సును ఆమె రెండు చేతులతో అందుకుంది. బతుకులో ఇప్పటిదాకా ఆమె పేరు మైకులో ఎవరూ పిలవలేదు. కింద, మీటింగు కోసం ముందే వచ్చిన కస్తూరి రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈలేసింది. వరదరాజులు మాట్లాడుతూ, చదువుకున్న మేము రాసుకున్న నియమాన్ని చదివి మాకే చెప్పిన మనిషి ఈ అమ్మాయి, అన్నాడు. బాగా నిద్రపోయినవాడి ముఖంలా ఉంది ఆయన ముఖం. చెంగమ్మ మైకు దగ్గర ఏం చెప్పాలో తెలియక, "బిడ్డ నిద్రపోతా ఉండాది సార్," అంది. హాలంతా చాలాసేపు చప్పట్లు కొట్టింది.

నిద్రపోతోంది కూడా. మూడు గంటల నాలుగు నిమిషాలకు కాలనీలో అరవై మూడుమంది పిల్లలు ఒకేసారి నిద్రపోతారు. ప్రతి ఉయ్యాల మీదా చెంగమ్మ జోకొట్టే తీరును బొమ్మలతో చూపించే ప్లాస్టిక్ కాగితం వేలాడుతుంది. మెల్లగా మూడు, గట్టిగా ఒకటి, గుండ్రంగా రాపిడి, నిమిషానికి యాభై నాలుగు దెబ్బలు. ఆ వేళలో వీధిలో కుక్క కూడా మొరగదు. జస్విక బరువు ఎనిమిది కిలోల ఐదు వందలకు పెరిగింది. గీత ఆకుపచ్చ పట్టీలోకి ఎక్కిన రోజున చెంగమ్మ కార్డును బియ్యం డబ్బా వెనకనుంచి తీసి, గోడకు దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించింది. పెంచలమ్మ హెల్మెటు పెట్టుకునే దానికి దణ్ణం పెట్టింది.

పాప నిద్రలో వేళ్లు కదిలించడం చెంగమ్మ ఆ తర్వాతి వారం గమనించింది. మొదట కల అనుకుంది. వంగి చూసింది. చిన్న చూపుడువేలు, బొటనవేలు కలిసి గాలిలోంచి ఏదో ఏరాయి, కొంచెం మలిచాయి, దించాయి. మళ్లీ ఏరాయి. జోకొట్టే చేతిలోంచి లాలి ఒక్కటే దిగుతుందని ఎవరూ చెప్పలేదు. చెంగమ్మ తెలియకుండానే పాప వేళ్ల వేగాన్ని మనసులో లెక్కపెట్టింది. మలిచే వైపు సరిగానే ఉంది. కొత్తగా చేరినవాళ్లకు ఆ మలుపు అందడానికి రెండు నెలలు పడుతుంది. దీనికి మాటలు కూడా రాలేదు.

ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది. రెండు రోజులు చెప్పలేదు. మూడో రోజు కస్తూరితో గర్వంగా చెప్పింది.

మృదుల వచ్చి చూసి, కొలిచి, నివేదిక రాసింది. పిల్లలకు శిక్షణ ఇవ్వడం నేరమని, నిద్రపోవడం నేరం కాదని న్యాయ విభాగం తేల్చింది. బోర్డు అడుగున, పెద్ద చేతుల వరుస కింద, అరవై మూడు చిన్న చేతుల ఆకారాలు గీయాలని నిర్ణయమైంది. ఇప్పుడే కాదు, పద్దెనిమిదేళ్లు నిండాకే వాటిలో చేతులు తగిలిస్తారు. కానీ చోటు మాత్రం ఇప్పుడే ఖాయం. ఆ వాడలో గేటు ముందు రోజూ పొద్దున పని కోసం నిలబడే డిగ్రీ పిల్లలు, ఆ వార్త విని, చిన్నప్పుడు తమనెవరూ అలా జోకొట్టలేదే అనుకున్నారు.

కొలతలకు పిల్లల్ని తీసుకువచ్చిన రోజున జస్విక ఫ్యాక్టరీని మొదటిసారి చూసింది. పిల్లల సైజు హెల్మెటు దొరకక క్రికెట్ ఆడుకునేది తెచ్చి పెట్టారు. చెంగమ్మ పాపను ఎత్తుకుని నూటపదిహేడో నంబరు ముందు నిలబడింది. పాప కుడి అరచేతిని రేకుకు ఆనించి గట్టిగా పట్టుకుంది. పాప ఏడవలేదు, రేకు చల్లగా ఉందని నవ్వింది. పసుపు కుంచెతో పెయింటరు చిటికెనవేలు దగ్గర మొదలుపెట్టాడు.

చెంగమ్మకు ఈ చోటు బాగుందా లేదా అన్న దిగులు పట్టుకుంది. పైన ఫ్యాను గాలి తగులుతుందో లేదో మెడ ఎత్తి చూసింది. తగులుతోంది. తన చేతికీ దీనికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. ఇక భయం లేదనిపించింది. అప్పుడే ఆమెకు ఇంకోటి తట్టింది. పండగకు గౌను కుట్టించేటప్పుడు దర్జీతో చెప్పే మాటే, పెయింటరు బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి తొందరగా చెప్పింది.

"అన్నా, రోంత పెద్దదిగా గియ్యి. ఎదిగే బిడ్డ."